అప్‌డేట్: ఆకలి తీర్చే సాయం కోసం పెట్టిన పరుగు ఎలా జరిగిందంటే

తిండికి ఇబ్బంది పడేవాళ్ల కోసం 5 కిలోమీటర్ల పరుగు పెడుతున్నాం, ఎంట్రీ ఫీజు బదులు సరుకులు తీసుకోవచ్చా అని అడిగాను కదా. పరుగు అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది, ముందు ఫుడ్ బ్యాంకుకే (సరుకులు సేకరించి లేనివాళ్లకు పంచే సంస్థకే) ఫోన్ చేసి ఏం కావాలో అడగమన్న మాట. వాళ్లు సరుకుల కంటే డబ్బే మేలన్నారు. టోకున కొంటారు కాబట్టి అదే డబ్బుకి మనకంటే ఎక్కువ వస్తుంది, పైగా తమ దగ్గర అయిపోయినవే తెచ్చుకోవచ్చు. అందుకే ఫీజు డబ్బుగానే తీసుకుని, సరుకులు ఇష్టమున్నవాళ్లని తెమ్మన్నాం. సరుకులు వేసే పెట్టెను ఫినిష్ లైన్ దగ్గర ఉంచమన్నారు కొందరు. సంచి మోసుకుంటూ ఎవరు పరిగెత్తుతారండీ? పరుగుకు ముందు ఛాతీకి తగిలించుకునే బిబ్ నంబర్లిచ్చే టేబుల్ పక్కనే పెట్టాం. తేదీ దాటినవి, సీలు ఊడినవి, ఉబ్బిన డబ్బాలు అక్కడికక్కడే ఏరేశాం. ఇంట్లో వండినవి తమకు వద్దని ఫుడ్ బ్యాంకువాళ్లు ముందే చెప్పారు.

ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తారో చూపే టైమింగ్ చిప్పులు, మెడల్స్ గురించి పడ్డ టెన్షనంతా దండగ. ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది డబ్బు చేరిందా అనే. రసీదు ఫొటో తీసి గ్రూపులో పెట్టేశాం.