జాతీయ జట్టు ఓటమికి పిల్లల ఫుట్‌బాల్‌ను నిందించడం న్యాయమేనా?

ప్రశ్న:
పేరున్న జట్టు ఏదైనా పెద్ద పోటీలో బోల్తా పడగానే, పిల్లల స్థాయిలో శిక్షణ సరిగా లేదన్న వాదన మొదలవుతుంది. 2018 ప్రపంచ కప్‌కు ఇటలీ అర్హత సాధించలేకపోయినప్పుడు ఈ మాట గట్టిగా వినిపించింది. అదే ఇటలీ 2021 జులైలో యూరో కప్ గెలిచింది. తొమ్మిది నెలలు తిరగకముందే నార్త్ మాసిడోనియా చేతిలో ఓడి మరో ప్రపంచ కప్‌కు దూరమైంది. ఇంత తక్కువ కాలంలో పునాది బలపడి మళ్లీ కూలిపోయిందని నమ్మాలా? సెలవు రోజుల్లో జీతం లేకుండా పిల్లలకు ఆట నేర్పే శిక్షకులు దీనికి ఎలా బాధ్యులవుతారు?

మొదటి జవాబు:
వారు బాధ్యులు కారు. యూరో 2000లో జర్మనీ ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా వెనుదిరిగిన తరువాత, అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య బుందెస్‌లిగా (ఆ దేశపు అగ్రశ్రేణి లీగ్) క్లబ్బులకు యువ అకాడమీలను తప్పనిసరి చేసి, క్లబ్బుల దృష్టికి రాని పిల్లల కోసం దేశమంతటా శిక్షణ కేంద్రాలు తెరిచింది. ప్రపంచ కప్ 2014లో గానీ రాలేదు. ఆ అకాడమీలన్నీ ఉండగానే 2018లోనూ 2022లోనూ జర్మనీ గ్రూపు దశ దాటలేదు. కాబట్టి ఒక ఓటమిని చూసి పునాదిపై తీర్పు చెప్పలేము.

రెండో జవాబు:
శిక్షకులను వదిలేయవచ్చు గానీ, వ్యవస్థను వదిలేయకూడదు. వయోవర్గానికి జనవరి 1 గడువైతే, జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ల వయసులో ఆ తేడా ఒడ్డూ పొడుగులోనూ పరుగులోనూ కనిపిస్తుంది. ఈ వారం మ్యాచ్ గెలవాలనుకునే జట్టు పెద్దవాడినే తీసుకుంటుంది, చిన్నవాడు ఆట మానేస్తాడు. ఎంపికైన వారిలో ఏడాది మొదట్లో పుట్టినవారే ఎక్కువగా ఉండటం అనేక దేశాల్లో గమనించిన విషయమే. మైదానం కొలత, జట్టులో ఎందరుండాలన్నది కూడా సమాఖ్య నిర్ణయాలే. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఐదుగురేసి, పన్నెండేళ్లలోపు వారు తొమ్మిదిమందేసి ఆడాలని ఇంగ్లండ్ సమాఖ్య 2012లో తీర్మానించింది. తక్కువమంది ఆడితే ప్రతి ఒక్కరి కాలికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పన్నెండేళ్లకే పక్కన పెట్టేసిన పిల్లవాడు పదహారేళ్లకు ఎదిగితే, వాడిని మళ్లీ చూసే ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

రెండో జవాబు ఇచ్చినవారు:
ఉంది. బెల్జియం సమాఖ్య శరీరం ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం ‘ఫ్యూచర్స్’ పేరిట ప్రత్యేక యువ జట్లను ఏర్పాటు చేసింది. కొన్ని క్లబ్బులు పుట్టిన ఏడాదిని బట్టి కాక, శారీరక ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడించి చూస్తున్నాయి. అయితే అప్పటికే ఆట మానేసిన పిల్లవాడిని ఈ ఏర్పాట్లేవీ వెనక్కి తీసుకురాలేవు. వాడు పదహారేళ్ల దాకా ఆడుతూ ఉండాలంటే, వాడికి చోటు ఇవ్వవలసింది మీరు చెప్పిన ఆ జీతం లేని శిక్షకుడి జట్టే.