శాప్‌లో (కంపెనీ లెక్కల సాఫ్ట్‌వేర్) వెండర్ బిల్లు: డ్యూ డేట్ (డబ్బు కట్టాల్సిన గడువు) ఏ తేదీ నుంచి లెక్కకొస్తుంది?

జమాఖర్చు:
బిల్లు తేదీ 2025 మార్చి 28. సరుకు ఏప్రిల్ 3న దిగింది, ఎంట్రీ ఏప్రిల్ 5న పడింది. పేమెంట్ టర్మ్స్ 30 రోజులు. సిస్టమ్ మే 5 చూపిస్తోంది, సప్లయర్ ఏప్రిల్ 27 అంటున్నాడు. ఏది సరి?

చిట్టాపద్దు:
పీవోలో (పర్చేజ్ ఆర్డర్) ఏం రాసుకున్నారో అదేనండి. డాక్యుమెంట్ డేట్ బిల్లు మీద అచ్చయిన తేదీ. పోస్టింగ్ డేట్ ఏ నెల పుస్తకాల్లోకి వెళ్ళాలో చెబుతుంది. డ్యూ డేట్‌ని తేల్చేది ఈ రెండూ కాదు, పేమెంట్ ట్యాబ్‌లో ఉండే బేస్‌లైన్ డేట్. పేమెంట్ టర్మ్స్ సెట్ చేసే ఓబీబీ8 స్క్రీన్‌లో మీ టర్మ్స్ కోడ్ తెరవండి, మే 5 వచ్చిందంటే బేస్‌లైన్‌కి డిఫాల్ట్‌గా పోస్టింగ్ డేట్ టిక్ అయి ఉండొచ్చు. పీవోలో ‘బిల్లు తేదీ నుంచి’ అని ఉంటే డాక్యుమెంట్ డేట్‌తో కొత్త కోడ్ చేయించుకోండి. పాతదాన్నే మారిస్తే అది వాడే వెండర్లందరికీ మారిపోతుంది. ఇప్పటికే పడిన బిల్లులు వాటంతట అవి మారవు, పడిన ఎంట్రీలు మార్చే ఎఫ్‌బీ02 స్క్రీన్‌లో దిద్దాలి.

ఓపెనింగ్‌బ్యాలెన్స్:
మార్చి పీరియడ్ మూసేశారని డాక్యుమెంట్ డేట్ కూడా ఏప్రిల్ 5 కొట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. లాక్ ఉండేది పోస్టింగ్ డేట్‌కే. బిల్లు తేదీ మారితే జీఎస్టీఆర్-2బీతో (సప్లయర్లు వేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) కలవదు. పైగా ఇది 2024-25 బిల్లు, ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్) తీసుకోవడానికి గడువు 2025 నవంబర్ 30, వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే అప్పటివరకే. ఏప్రిల్ అని పడితే రిపోర్టులో ఏడాది ఎక్కువ గడువు ఉన్నట్టు కనిపిస్తుంది. చెల్లించకపోతే ఐటీసీ వెనక్కి కట్టే 180 రోజులూ బిల్లు తేదీ నుంచే: సెప్టెంబర్ 24.

జమాఖర్చు:
సప్లయర్ ఉద్యమ్‌లో (చిన్న, మధ్యతరహా సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) చిన్న సంస్థ. అయినా బిల్లు తేదీయేనా?

పెండింగ్‌బిల్లు:
రాసుకున్న గడువు అలాగే ఉంటుంది, కానీ సరుకు అందిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. మీకు మే 18 హద్దు. రాతలో ఏమీ లేకపోతే 15 రోజులే, ఏప్రిల్ 18. దాటితే 1961 ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) కింద ఆ ఖర్చు కట్టిన ఏడాదిలోనే తగ్గింపుకొస్తుంది. సరుకు అందిన తేదీ బిల్లు స్క్రీన్‌లో ఉండదు, పీవో హిస్టరీలో మిగో ఎంట్రీ (సరుకు అందినట్టు వేసేది) తెరిచి చూడాలి.

చిట్టాపద్దు:
బిల్లులకు ఒకేసారి డబ్బు పంపే ఎఫ్110 కూడా చూసుకోండి. ఏప్రిల్ 25 రన్‌లో తర్వాతి రన్ తేదీ మే 2 అని ఇస్తే డ్యూ డేట్ ఏప్రిల్ 27 ఉన్న బిల్లు వస్తుంది, మే 5 ఉన్నది ఆగుతుంది. పొరపాటున మే 10 కొట్టారో, రెండూ ఇప్పుడే వెళ్ళిపోతాయి.