సమస్య: "నీరు లేని చోట నిలిచె నావ"

నిర్వాహకులు: యజ్ఞశ్రీ శాతకర్ణి ఓడ నాణేల చిత్రాలు చూస్తుండగా స్ఫురించిన పాదమిది. శాతవాహనుల నాణేల మీది చిహ్నాలకు లోబడి పూరించగలరు.

శర్మ:
సీసమందు యజ్ఞశ్రీ చెక్కఁజేసిన
జంట కొయ్యలెత్తి సాగకుండ
నాణె మొక్కదాని నడుమ నందమ్ముగా
నీరు లేని చోట నిలిచె నావ

రావు: నావను నీటి నుండి తప్పించి లోహం మీదికి ఎక్కించిన శర్మగారు, ఆ నాణెంపై స్పష్టంగా కనిపించే రెండు తెరచాప కొయ్యలను కూడా మరువకపోవడం మెచ్చదగినది. అయితే 'శ్రీ' పరమైనందువల్ల 'జ్ఞ' గురువై మూడవ గణం చెడింది. "శాతకర్ణి సీసశకలమ్ముపైఁ జెక్క" అంటే సరిపోతుంది.

శర్మ: గణం సరిపోతుంది కాని రాజు మారిపోతాడు. శాతకర్ణి అనగానే పాఠకునికి గౌతమీపుత్రుడే తోస్తాడు. ఆయన తన గెలుపును చాటుకున్నది వెండి మీద. తాను ఓడించిన శక పాలకుడు నహపాణుని నాణేలనే తీసుకొని, వాటిపై తన చైత్యాన్నీ (కమానుల గుర్తును), నాలుగు వృత్తాల ఉజ్జయినీ చిహ్నాన్నీ తిరిగి ముద్రించాడు. 1906లో నాసిక్ ప్రాంతపు జోగల్‌తంబిలో దొరికిన 13,000కు పైబడిన నాణేలలో అధికభాగం అటువంటివే. ఆ నాణేలపై లోగడ ఇచ్చిన సమస్యకు రావుగారు ఆ చైత్యాన్ని కొండ చేశారని నాకు ఇప్పటికీ అసంతృప్తిగానే ఉంది.

రావు: ఒకదానిపై ఒకటి పేర్చిన ఆ కమానులను కొండగా భావించిన పండితులూ ఉన్నారు కనుక నా పద్యాన్ని మార్చను. నేటి పూరణ:
వెన్నుపైన నాల్గు వృత్తమ్ము లొకచోటఁ
గలిసె నుజ్జయినిది కాదె ముద్ర
ముందు తిప్పి చూడ ముచ్చట గొల్పుచు
నీరు లేని చోట నిలిచె నావ

లక్ష్మి: శర్మగారి మొదటి పాదాన్ని "యజ్ఞశాతకర్ణి యచ్చొత్త సీసాన" అని మార్చితే గణమూ యతీ కుదురుతాయి, రాజూ నిలుస్తాడు. పైగా నాణేన్ని అచ్చొత్తుతారే గాని చెక్కరు, చెక్కేది అచ్చును. రావుగారి "ముచ్చట గొల్పుచు" కేవలం పాదపూరణమే. శర్మగారి జంట కొయ్యలు అక్కడ ఉండవలసినవి. అయినా నా మొగ్గు రావుగారి పద్యం వైపే. ఒక వైపు శాతవాహన నాణేలపై తరచు కనిపించే ఉజ్జయినీ ముద్ర, రెండవ వైపు తూర్పు తీరపు సముద్ర వర్తకాన్ని సూచించే ఓడ ఉండగా, నాణేన్ని తిప్పి చూపించినది ఆయన ఒక్కరే.