ఏడాదిన్నర పాపతో మే ఎండల్లో బెలుం, గండికోట వెళ్లొచ్చా?

ప్రశ్న (అనంతపురం, ఇద్దరు పిల్లల తల్లి)

అందరికీ నమస్కారం. మాకు ఆరేళ్ల బాబు, ఏడాదిన్నర పాప. మా ఆయనకు మే రెండో వారంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. జూన్ 12న బడి తెరుస్తారు, ఆలోపు మళ్లీ సెలవు దొరకదు. సొంత కారు ఉంది. మా ఆయన వేసిన ప్లాన్ ఇది: మొదటి రోజు తాడిపత్రి మీదుగా బెలుం గుహలు, సాయంత్రానికి గండికోట. రెండో రోజు యాగంటి, మహానంది. మూడో రోజు అహోబిలం. నాలుగో రోజు ఇంటికి.

మా అత్తమ్మ "చంటిదాన్ని ఈ ఎండలో తిప్పుతారా" అని గట్టిగా అంటున్నారు. ఆమె మాట తీసిపారేయలేను. పోయిన నెల పాపకు వీపంతా చెమటకాయలు లేచి వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. బాబు సంగతి వేరే. క్లాసులో ఎవరో బెలుం గుహల గురించి చెప్పారట, అప్పటి నుంచి టార్చిలైటు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. వాడికి వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. పైగా కారెక్కితే గంటలోపే వాంతి చేసుకుంటాడు.

చిన్నపిల్లలతో ఎండాకాలంలో తిరిగినవాళ్లు చెప్పండి. వెళ్లాలా, మానుకోవాలా? వెళ్తే ఎలా? నిజంగా చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప)

అక్కా, గండికోట మా పక్కనే, జమ్మలమడుగు దగ్గర. పెన్న లోయ చూడాల్సిందే, కాదనను. సాయంత్రం ఐదు దాటాక వెళ్లి, రాత్రికి అక్కడే టూరిజం వాళ్ల హోటల్లో ఉండి, పొద్దున సూర్యోదయం చూసి ఎనిమిదికల్లా బయటపడితే ఎండ దెబ్బ తగలదు. మేం అలాగే చేశాం.

జవాబు (కర్నూలు, ఇద్దరు ఆడపిల్లల తల్లి)

చెల్లీ, నీ ప్లాన్ చదువుతుంటేనే నాకు దాహం వేసింది. నాలుగు రోజుల్లో ఐదు చోట్లంటే పిల్లలు ఊళ్లు చూడరు, కారు సీటు చూస్తారు. మన సీమలో మే నెల ప్రయాణానికి దూరాలు లెక్కపెడితే చాలదు, ఎండను లెక్కపెట్టాలి. పొద్దున పదిన్నర లోపల ఒక పని, సాయంత్రం ఐదు తర్వాత ఒక పని. మధ్యలో ఆరు గంటలు నీడపట్టున ఉండాలి, పిల్లలు పడుకోవాలి. ఈ కొలత పెట్టుకుని చూస్తే మీ నాలుగు రోజులకు రెండు చోట్లే సరిపోతాయి.

గండికోట గురించి పైన కడప అన్న చెప్పింది పెద్దపిల్లలకు నిజమే. ఏడాదిన్నర పాపకు మాత్రం వద్దు. కోట లోపల జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, మధ్యలో చెట్టు నీడ తక్కువ. ఆ బండలు పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా సెగ కక్కుతుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, లోయ అంచున ఆపడానికి గోడ లేదు. నడక నేర్చుకున్న పిల్ల చెయ్యి విడిపించుకుని పరుగెత్తే వయసు ఇది. మీ ఇద్దరి కళ్లూ పాప మీదే ఉంటాయి, లోయ ఏం చూస్తారు? డిసెంబరులో వెళ్లండి.

బెలుం మాత్రం మానొద్దు. ఆ టార్చిలైటు సంగతి చదివాక నేను మానమని చెప్పలేను. కానీ ఒకటి తెలుసుకో. గుహ కదా, చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. లోపల ఉక్క. పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపిస్తారు, లైట్లు ఉన్నాయి, దారి బాగుంది, అయినా చెమట కారిపోతుంది. మొత్తం గుహ 3,229 మీటర్లు, అందులో మనల్ని తిప్పేది సుమారు కిలోమీటరున్నర. లోపల నీటి పాయ ఉన్న పాతాళగంగ వరకు దిగి రావాలంటే మెట్లున్నాయి, కొన్నిచోట్ల వంగి నడవాలి. పాపను చంకనేసుకుని వంగి నడవడం నీవల్ల కాదు, దాని తల రాయికి తగులుతుంది. అందుకని బాబును తీసుకుని నాన్న ఒక్కడే లోపలికి వెళ్లాలి. నువ్వు, పాప బయట నీడన ఉండండి. నీకు చూడాలని ఉంటే ఆయన వచ్చాక మార్చుకో. తెరిచే టైము, టికెట్ ముందురోజే ఫోన్ చేసి కనుక్కుని, తెరవగానే మొదటి జట్టులో వెళ్తే జనం ఉండరు, ఉక్క కూడా కొంచెం తక్కువ.

తాడిపత్రి నుంచి బెలుం ముప్పై కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అనంతపురం వచ్చేయొచ్చు. ఒకరోజు పని అది. ఆ రాత్రి మీ ఇంట్లో మీ మంచం మీద పడుకోండి. పిల్లలకు అంతకంటే మంచి హోటల్ లేదు.

మిగతా మూడు రోజులకు హార్సిలీ హిల్స్ వెళ్లండి. మదనపల్లె దగ్గర, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన ఉంటుంది. కింద మండిపోతున్నా పైన రాత్రి దుప్పటి కావాలి. పూర్వం కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర ఎండ తట్టుకోలేకే అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. ఒక ఏనుగు సాకిన పాప మల్లమ్మ అని కథ. ఆ కథ బాబుకు దారిలో చెప్పు. టూరిజం గదులు ఇప్పుడే బుక్ చేసుకోండి, మేలో ఆఖరు నిమిషంలో దొరకవు.

కదిరి మీదుగా వెళ్తారు కాబట్టి తిమ్మమ్మ మర్రిమాను దగ్గర ఆగండి. కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు. ఒకే చెట్టు దాదాపు ఐదెకరాలు కమ్ముకుని ఉంటుంది, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎండాకాలం పిల్లల్ని వదలడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. పాప హాయిగా మట్టిలో నడుస్తుంది. ఊడలు పట్టుకుని ఊగనివ్వకండి, చెట్టుకు మంచిది కాదు.

ఇంకొక్కటి, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. రెండేళ్ల కింద ఒక పాత రాతిగుడికి మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లాం. చెప్పులు బయట విడిచి ప్రాకారంలో అడుగు పెట్టాం. పెద్దవాళ్లం, గబగబా మండపంలోకి పరుగెత్తాం. చిన్నది, అప్పటికి మూడేళ్లు, సగం దారిలో నిలబడిపోయింది. ఒక కాలు ఎత్తి, అది దించి రెండోది ఎత్తి, ఎటు పోవాలో తెలియక ఏడుపు. ఎత్తుకునేసరికి రెండు అరికాళ్లూ ఎర్రగా కందిపోయాయి, బొటనవేలి కింద బొబ్బ లేచింది. కుళాయి కింద ఇరవై నిమిషాలు కాళ్లు పెట్టించాను. ఐసు, పేస్టు ఏమీ పూయలేదు. అప్పటి నుంచి ఏ గుడికి పోయినా పిల్లల సంచిలో రెండు జతల మందపాటి మేజోళ్లు ఉంటాయి. నువ్వూ పెట్టుకో.

అడిగినవారు

అక్కా, మీరు రాసింది మా ఆయనకు, అత్తమ్మకు ఇద్దరికీ చదివి వినిపించాను. అత్తమ్మ "ఆ కర్నూలమ్మ నా మాటే చెప్పింది" అన్నారు. మా ఆయన గండికోట వదులుకోవడానికి కొంచెం నొచ్చుకున్నా ఒప్పుకున్నారు. హార్సిలీ హిల్స్‌కు ఘాట్ రోడ్డు కదా, బాబు వాంతుల సంగతి ఎలా? మెడికల్ షాపులో మాత్రలు ఇస్తామంటున్నారు. దారిలో పిల్లలకు ఏం పెట్టాలి?

జవాబు (కడప, స్టాఫ్ నర్సు)

అమ్మా, వాంతుల మాత్ర షాపులో అడిగి వేయొద్దు. ఆరేళ్ల పిల్లవాడికి బరువును బట్టి మోతాదు ఉంటుంది, మీ పిల్లల డాక్టరునే అడగండి. చాలామందికి మాత్ర అవసరమే రాదు. కారు కదులుతున్నట్టు చెవి లోపలి భాగానికి తెలుస్తుంది. కళ్లు మాత్రం ఫోన్ మీదో, ముందు సీటు వీపు మీదో ఉంటాయి, వాటికి ఏదీ కదలదు. ఈ రెండూ పొసగక కడుపు తిప్పుతుంది. కాబట్టి కారులో ఫోన్ ఇవ్వకండి, బొమ్మల పుస్తకం కూడా వద్దు. వెనక సీటులోనే, ముందు రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. బయల్దేరే ముందు ఒక ఇడ్లీ, ఘాట్ మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆగి గాలి పీల్చుకోవడం, అంతే. పాపను మాత్రం ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ పసిపిల్ల మీదే పడుతుంది.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు, చిన్నదైతే 200 మిల్లీలీటర్లు, ప్యాకెట్ మీద రాసినట్టే. చిక్కగా ఉంటే బలం అని నీళ్లు తగ్గించి కలిపేవాళ్లను మా వార్డులో చూస్తుంటాను, దానివల్ల పిల్లలకు ఇంకా హాని. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. పేరు చూసి మోసపోకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి. విరేచనాలైతే పాపకు ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో, బాబుకు 100 నుంచి 200. పాప ఇంకా తల్లిపాలు తాగుతుంటే ఆపకండి.

ఆరు గంటలు మూత్రం పోయకపోతే, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే, నోరు ఎండితే, అది ఆలస్యం చేసే విషయం కాదు. ఒళ్లు కాలిపోతూ పిల్ల మత్తుగా, పిలిచినా పలకనట్టు ఉంటే వడదెబ్బే అనుకోండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డ పెట్టి, విసురుతూనే 108కి ఫోన్ చేయండి. వడదెబ్బ వేడికి జ్వరం మందు పనిచేయదు, అది పోస్తూ టైము పోగొట్టుకోకండి. మత్తులో ఉన్న పిల్ల నోట్లో నీళ్లు కూడా పోయకూడదు.

జవాబు (డోన్, కారు డ్రైవరు)

అక్కా, ఒక్క మాట. ఎండలో ఆపిన కారులోకి పిల్లల్ని వెంటనే ఎక్కించొద్దు. నాలుగు తలుపులూ తీసి ఐదు నిమిషాలు ఆగండి. సీటు బెల్టు ఇనుప బిళ్ల చేత్తో తాకి చూసి పెట్టండి, అది కాలి మా అక్క కొడుకు తొడ మీద మచ్చ పడింది. సీటు మీద పాత నూలు లుంగీ పరిస్తే చెమట పట్టదు. ఎవరికైనా టీ తాగాలనిపిస్తే అందరూ దిగాలి. నిద్రపోతోందని పాపను కారులో వదిలి "రెండు నిమిషాలే" అని ఎవరూ దిగకూడదు, ఏసీ వేసి ఉన్నా సరే.

జవాబు (గుంతకల్లు)

రైల్లో వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నా. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ, వద్దంటే సగం. ఆర్టీసీ బస్సులో ఈ వయసువాళ్లకు అరటికెట్టే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, మార్చిలోనే చూసుకోవాలి.

జవాబు (కర్నూలు, ఇద్దరు ఆడపిల్లల తల్లి)

తిండి సంగతి మర్చిపోయాను. పెరుగన్నం కలిపి తీసుకెళ్తే పదింటికే పులుస్తుంది. నేనేం చేస్తానంటే, తెల్లవారుజామున అన్నం మెత్తగా వండి, గరిటెతో మెదిపి, పూర్తిగా చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోస్తాను. అన్నం మునిగి, పైన వేలు మందాన పాలు కనిపించాలి. అందులో ఒక్క చెంచా పెరుగు, చిటికెడు ఉప్పు. దారిలో అదే తోడుకుంటుంది. పదకొండింటికి మూత తీస్తే గట్టిగా, తియ్యగా ఉంటుంది, పులుపు ఉండదు. పన్నెండు లోపల తినిపించేయాలి, మిగిలింది పారేయాలి. బాబుకు జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, బొరుగులు. పాపకు పెసరపప్పు, బియ్యం వేయించి కొట్టిన ఉగ్గుపొడి డబ్బాలో పోసుకుని, ఫ్లాస్కులో వేడినీళ్లతో ఎక్కడికక్కడ కలుపుకోవచ్చు. నన్నారి షర్బత్ రోడ్డు పక్కన తాగించకు, ఐసు ఏ నీళ్లదో తెలియదు. సీసా కొనుక్కుని మన నీళ్లతో కలుపు.

చెమటకాయలకు పౌడరు చల్లకు, అది చెమటతో ముద్ద కట్టి రంధ్రాలు మూసేస్తుంది. రెండుపూటలా చన్నీళ్ల స్నానం, పలచటి నూలు చొక్కా చాలు.

అడిగినవారు (మూడు వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. వెళ్లొచ్చాం. పిల్లలిద్దరూ బాగున్నారు.

బెలుంకు ఐదింటికే బయల్దేరాం. బాబు ముందు రోడ్డు చూస్తూ ఎదురొచ్చే లారీలు లెక్కపెట్టాడు, తాడిపత్రి దాకా నలభై మూడు. వాంతి కాలేదు. వాళ్లిద్దరూ గుహలో ఉన్న గంటన్నర నేనూ పాపా చెట్టు కింద చాపేసుకున్నాం. బయటికొచ్చేసరికి ఇద్దరి చొక్కాలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. బాబు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి అరచెయ్యి చూపించాడు, తడిగా ఉంది. "పాతాళగంగ, అమ్మా. తుడవకు" అన్నాడు. కారెక్కాక కూడా ఆ చెయ్యి గాల్లోనే పట్టుకున్నాడు, ఆరిపోయేదాకా.

హార్సిలీ హిల్స్ ఘాట్‌లో రెండుసార్లు ఆగాం. రెండోసారి ఆగడం ఆలస్యమై ఒక వాంతి అయింది, వెళ్లేవాళ్లు మొదటి మలుపుల్లోనే ఆగండి. పైన మేం దిగిన చోట మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది, అయినా కిటికీ తీస్తే పాప పడుకుంది. రాత్రి నిజంగానే దుప్పటి కప్పుకున్నాం. దారిలో ఒక గుడికి వెళ్తే మేజోళ్లు పనికొచ్చాయి. మా పిల్లల్ని చూసి పక్కనున్న ఒకావిడ తన బాబును ఎత్తుకుని నిలబడి అడిగారు, మిగిలిన జత వాడికి ఇచ్చేశాను.

కర్నూలు అక్కా, పాలన్నం కొలత ఇంకోసారి చెప్పరా? నాది కొంచెం నీళ్లగా అయింది. పాలు ఎక్కువయ్యాయా, అన్నం చల్లారకముందే పోశానా?

జవాబు (కర్నూలు)

నీళ్లగా అయిందంటే పాలు ఎక్కువే, చెల్లీ. అన్నం కాస్త బిగువుగా ఉంటే నేను చెప్పిన వేలు మందం, మరీ మెత్తగా ఉడికితే అందులో సగం. అన్నం వేడిగా ఉండగా పెరుగు వేస్తే మాత్రం విరిగిపోతుంది.