సెలవుల్లో పిల్లాపాపలతో నాటు పడవలో గాలం వేటకు వెళ్లడం సమంజసమేనా?

ఏటిగట్టు:
దసరా సెలవుల్లో మా తోడల్లుడి కుటుంబం, ఇద్దరు స్నేహితులు, మేము కలిసి మొత్తం పదిమందిమి ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఉన్న ఒక లంకకు వెళ్లాలని అనుకుంటున్నాము. మాలో నలుగురు పన్నెండేళ్లలోపు పిల్లలు. తెలిసిన మత్స్యకారుడి నాటు పడవలో మధ్యాహ్నం వరకు గాలాలు వేసి, దొరికిన జెల్లలో గొరకలో లంకలోని ఇసుక తిన్నె మీదే వండుకోవాలని మా ఆలోచన. పడవలో లైఫ్ జాకెట్లు లేవు. మా అమ్మగారు పిల్లలను పంపవద్దని పట్టుబడుతున్నారు. మామగారేమో తమ చిన్నతనం అంతా ఏటిలోనే గడిచిందని, ఇప్పటివారికి భయం ఎక్కువైందని అంటున్నారు. పూర్తిగా మానుకోవాలా, జాగ్రత్తలతో వెళ్లవచ్చా అన్నది పెద్దలు చెప్పగలరు.

రేవుకాపు:
మానుకోండి. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2018 మే 15న గోదావరిలో మంటూరు వద్ద ఈదురుగాలికి లాంచీ మునిగినప్పుడు, వాన పడుతోందని తలుపులు మూసి ఉండటంతో చాలామంది లోపలే చిక్కుకుపోయారు. 2019 సెప్టెంబరు 15, అది కూడా ఆదివారమే, పాపికొండలకు వెళ్తున్న పడవ కచ్చులూరు వద్ద మునిగింది. దానిని అక్టోబరు 22న గాని బయటికి తీయలేకపోయారు. ఇవన్నీ ఇంజను, సరంగు, సిబ్బంది ఉన్న పడవలు. వాటికే ఆ గతి పట్టినప్పుడు, ఒక్క మనిషి తెడ్డు వేసే నాటు పడవలో నలుగురు పిల్లలను కూర్చోబెట్టడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా కనిపించడం లేదు.

వలకట్టు:
రేవుకాపు గారి ఆవేదన అర్థమైంది. అయితే మాది మూడు తరాలుగా వేట మీద బతికిన కుటుంబం కనుక ఒక మాట చెప్పాలి. మీరు చెప్పినవి పెద్ద పడవలు. మా నాటు పడవలో నలుగురో అయిదుగురో కూర్చుని ఒడ్డు వారగా గాలం వేయడం వేరు. వేట సరిగా సాగని రోజుల్లో సెలవులకు వచ్చేవారు ఇచ్చే డబ్బు ఆ ఇంటికి ఒక ఆసరా. ఇలా వచ్చేవారిని ఎక్కించవద్దని నిషేధం పెడితే పోయేది ప్రమాదం కాదు, ఆ ఆసరా. పైగా వేటకు వచ్చేవారు ఆగరు. ఎవరూ చూడని రేవు నుంచి ఎక్కుతారు.

బెండుతాడు:
పై ముగ్గురి మాటలూ చదివాక, అసలు ప్రశ్న వెళ్లాలా వద్దా అన్నది కాదని నాకు అనిపిస్తున్నది. ఆ ఉదయం రేవులో నిలబడి ‘ఈ రోజు వద్దు’ అని చెప్పగల స్థితిలో పడవ మనిషి ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

నా అనుభవం చెబుతాను. మూడేళ్ల కిందట, కనుమ నాడు కాకైనా కదలదంటారు కానీ, మేము ఆరుగురం అదే రోజున ఒక చిన్న పడవలో వేటకు వెళ్లాము. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉండి ఎదుటి ఒడ్డు కనిపించలేదు. పడవ ఆయన, కాసేపు ఆగుదామా అని రెండుసార్లు అడిగారు. మేము రాత్రే డబ్బు ఇచ్చేశాము కాబట్టి, ఆలస్యమైతే ఎర దండగ అవుతుందని తొందరపెట్టి బయలుదేరాము. గంట తరువాత మా బావమరిది గాలానికి ఒక వాలుగ తగిలింది. బెండు ఒక్కసారిగా మునిగిపోయి, దారం చేతిలో నుంచి కోసుకుంటూ సాగింది. ‘పెద్దది, పెద్దది’ అని ఆయన అరవగానే అందరమూ చూడటానికి ఆ పక్కకే ఒరిగాము. పడవ అంచు నీటి మట్టానికి దిగి, చల్లటి నీరు మా మోకాళ్ల మీదికి వచ్చింది. పడవ ఆయన తెడ్డు వదిలేసి రెండో అంచు మీదికి వెల్లకిలా పడటం వల్లనే మేము నిలిచాము. గాలం వేటలో అసలు ప్రమాదం అక్కడ ఉంది: చేప పడిన సంతోషమే అందరినీ ఒక పక్కకు లాగుతుంది. ‘చేప ఎవరిది పడినా మిగతావారు కూర్చున్న చోటే కూర్చోవాలి’ అని ఎక్కే ముందే చెప్పించుకోవాలి.

నీటి సంగతి. 2019లో ఆ పడవ మునిగిన నాడు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షలకు గాని రాదు. అంటే హెచ్చరిక లేదు కనుక ఏరు నెమ్మదిగా ఉన్నదని అనుకోవడానికి ఆధారం లేదు. ఆగస్టు 15, వినాయక చవితి, గాంధీ జయంతి, చాలా ఏళ్లలో దసరా కూడా వరద కాలంలోనే వస్తాయి. మనకు వరుస సెలవులు దొరికేదీ, ఏటికి కొత్త నీరు వచ్చేదీ ఒకే కాలం. ఆనకట్టకు దిగువన అయితే ఎగువ గేట్లు ఎత్తిన కొద్దిసేపటికే నీటి మట్టం మారిపోతుంది. ఈ మార్పును నాకంటే, మీకంటే ముందు గుర్తుపట్టేది ఆ పడవ మనిషే. అయితే డబ్బు పడవ కదిలితేనే వస్తుందన్న ఒప్పందం ఉన్నంతకాలం ఆయన నోరు విప్పడు. కనుక నా సలహా ఇదొక్కటే: వెళ్లినా వెళ్లకపోయినా ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తామని ముందే మాట ఇవ్వండి. అది దండగ ఖర్చు కాదు.

రేవుకాపు:
బెండుతాడు గారూ, కూలి మాట నాకు నచ్చింది, కానీ దానితో పిల్లల విషయం తీరదు. జాకెట్టు ఉంటే చాలని అనుకునేవారికి ఒకటి చెబుతాను. గత వేసవిలో ఒక జలాశయం రేవులో మా ఆరేళ్ల మనవరాలికి పెద్దవారి జాకెట్టు తొడిగారు. బద్దీలన్నీ బిగించాక, అనుమానం వచ్చి నేను జాకెట్టును భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూశాను. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చేసింది. నీటిలో పడితే జాకెట్టు తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. పిల్లల కొలత జాకెట్టు దొరకనంతవరకు పిల్లలు గట్టు మీదే గాలం వేయాలన్నది నా మాట. ఈ పట్టు విడవను.

వలకట్టు:
దానికి నేను అడ్డు చెప్పను. మా ఇంటి పిల్లలకు కూడా ఈత వచ్చేదాకా పడవ ఎక్కే అనుమతి లేదు. ఇంకొక మాట కూడా కలుపుతున్నాను. నదులు, కాలువల్లో తిరిగే పడవల కోసం అంతర్దేశీయ నౌకల చట్టం 2021లో వచ్చింది; ఇంజను లేని పడవలను స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. మా పడవలను నమోదు చేసి, ఎంతమందిని ఎక్కించవచ్చో పడవ పక్కనే పెద్ద అక్షరాలతో రాయిస్తే, ‘ఇంకొక్కరు సర్దుకోండి’ అనే చుట్టాలకు మేము నోటితో సమాధానం చెప్పవలసిన అవసరం ఉండదు. నిషేధం కోరేవారు ఈ పని కోరితే మేమూ వెంట నిలబడతాము.

ఏటిగట్టు:
అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం పడవ ఆయనకు ఫోను చేసి, వెళ్లినా వెళ్లకపోయినా ఆ రోజు కూలి ఇస్తానని, ఎక్కేది నలుగురు పెద్దవాళ్లం మాత్రమేనని చెప్పాను. పోయిన వారం అడిగినప్పుడు ‘ఏం ఫరవాలేదండీ, వచ్చేయండి’ అన్న మనిషి, ఈసారి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ‘అయితే దసరాకు వద్దు బాబూ, నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, సంక్రాంతికి రండి’ అన్నారు. డబ్బు ఈ ఉదయమే పంపాను. సంక్రాంతికి పిల్లలు మా అమ్మగారితో పాటు గట్టు మీద ఉంటారు. వారి కోసం నాలుగు చిన్న వెదురు గాలాలు చేయించాలి.