చలికి ఎర గడ్డకట్టకుండా ఏం కలుపుతున్నారు?

లైసెన్స్ తీసుకుని నక్కలకు, తోడేలును పోలిన కొయోట్‌లకు ఉచ్చులు పెడుతున్నానండి. టెన్షన్ అంతా ఎర గురించే. మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, కొంచెం మాగనిచ్చి వాడుతున్నా. సీసా మూత తీస్తే ఘాటుగానే ఉంటుంది. ఉచ్చు దగ్గర తవ్విన గుంటలో పెట్టాక మాత్రం రాత్రి చలికి రాయిలా బిగుసుకుపోతోంది, ఇక వాసన గాలిలోకి రావడం లేదు. పొద్దున చూస్తే మంచు మీద అడుగులు గుంట పక్కనుంచే తిన్నగా వెళ్లిపోయి ఉంటున్నాయి, ఎక్కడా ఆగిన గుర్తు లేదు.

గ్లిజరిన్ కలిపితే అంత త్వరగా గడ్డకట్టదు కదా, కిలో మాంసానికి ఎంత పోస్తున్నారు? ప్రొపిలీన్ గ్లైకాల్ ఇంకా మేలా? రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం చెప్పకండి, అది కుక్కలకు ప్రాణాంతకం. దూరానికి వాసన అందాలంటే చేప నూనె చాలా, లేక గుంట పైన గడ్డికి స్కంక్ (ఘాటైన కంపు ద్రవం చిమ్మే జంతువు) వాసన చుక్క వేయాలా? గడ్డకట్టే చలిలో ఉచ్చులు పెట్టినవాళ్లు దయచేసి చెప్పండి.