గుల్‌మార్గా, గుల్‌మర్గా? పలికే తీరు, పేరు పుట్టుక

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లం ఉగాదికి తెస్తున్న చిన్న సంచికలో కాశ్మీరు మంచు క్రీడల మీద ఒక వ్యాసం వేస్తున్నాం. 2020లో మొదటి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగిన చోటును నేను 'గుల్‌మార్గ్' అని రాస్తే, శ్రీనగర్‌లో ఉద్యోగం చేసి వచ్చిన మా పక్కింటాయన దీర్ఘం కొట్టేసి 'గుల్‌మర్గ్' అని దిద్దారు. మన పత్రికల్లో దీర్ఘమే ఎక్కువగా కనిపిస్తుంది, పైగా మార్గమంటే దారి అని పిల్లలకు కూడా తెలుసు. ఇదంతా 'గుల్మం', అంటే పొద, నుంచి వచ్చిందని మరొకావిడ పట్టుబడుతున్నారు. ఈ కొండ పేరు ఎలా పలకాలో, ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ఇందిరానగర్)

మీ పక్కింటాయన దిద్దింది సరైనదేనండీ. ఉర్దూలో ఈ పేరును గాఫ్, లామ్, మీమ్, రే, గాఫ్ అనే అయిదక్షరాలతో రాస్తారు. దీర్ఘమే ఉంటే మీమ్ తర్వాత అలిఫ్ రావాలి, అది లేదు. హిందీలోనూ 'మ'కు దీర్ఘం పెట్టరు. చిక్కంతా ఇంగ్లీషు స్పెల్లింగుతో వచ్చింది, ఎందుకంటే అందులోని 'ఏ' అక్షరం హ్రస్వానికీ దీర్ఘానికీ ఒక్కటే. మెజెస్టిక్‌లో మెట్రో రైలు మారుతూ రోజూ 'నేరళె మార్గ', 'హసిరు మార్గ' (కన్నడంలో ఊదా లైను, ఆకుపచ్చ లైను) అని వినే మన చెవి దాన్ని దీర్ఘంగా అందుకోవడంలో వింత లేదు.

అయితే ఈ మర్గ్‌కూ దారికీ సంబంధం లేదు. కాశ్మీరీలో దారిని 'వథ్' అంటారు. మర్గ్ అంటే కొండల మీద, అడవుల నడుమ పరుచుకున్న పచ్చిక బయలు. వేసవిలో గొర్రెలనూ పశువులనూ మేతకు తోలుకుపోయే చోటు. సోనమర్గ్, యూస్‌మర్గ్, గుల్‌మర్గ్‌కు ఎగువనున్న ఖిలన్‌మర్గ్, అన్నీ ఇలాంటి బయళ్లే. ఇంకో సంగతి, మీరు కొండ పేరు అన్నారు గాని, గుల్‌మర్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న బయలు పేరు. స్కీయింగ్ చేసేవాళ్లు గొండోలాలో (కేబుల్ కారులో) మొదట కొంగ్‌డూరికి, అక్కడినుంచి 3,900 మీటర్లకు పైబడిన ఎత్తుకు ఎక్కి, జారుతూ దిగే కొండ అఫర్వట్. వ్యాసంలో ఈ రెండింటినీ విడివిడిగా చెబితే బాగుంటుంది.

జవాబు (జయనగర్)

పై జవాబుకు కొంత చేరుస్తాను. గుల్ అంటే పారశీకంలో పువ్వు, ముఖ్యంగా గులాబీ. మన 'గులాబీ'లో ఉన్నది ఈ గుల్లే. దానికి నీరు అనే అర్థమిచ్చే 'ఆబ్' చేరింది. కాబట్టి గుల్మం వాదన నిలవదు. ఈ చోటును పూర్వం గౌరీమర్గ్ అనేవారనీ, 16వ శతాబ్దంలో సుల్తాను యూసుఫ్ షా చక్ గుల్‌మర్గ్‌గా మార్చాడనీ చెబుతారు. జహంగీరు ఇక్కడ 21 రకాల పూలు ఏరించాడన్న మాటా ప్రచారంలో ఉంది. ఈ కథల్లో నాకు ఆసక్తిగా తోచేది ఒకటే: పాత పేరులోనూ కొత్త పేరులోనూ మర్గ్ కదలలేదు. సుల్తాను మార్చింది పూర్వపదాన్నే, పశువుల కాపరులు వాడే మాటను ఆయన కూడా ముట్టుకోలేదు.

పారశీకంలో 'మర్గ్' అంటే చావు అనే అర్థం కూడా ఉంది. దాన్ని పట్టుకుని 'పూల చావు' అని రాసేరు, పర్యాటక శాఖవారు నొచ్చుకుంటారు! పచ్చికకు పారశీకంలో దగ్గరి మాట కావాలంటే 'మర్ఘ్‌జార్' ఉంది, అక్కడ ధ్వని 'ఘ' వైపు ఒరుగుతుంది.

జవాబు (కె.ఆర్.పురం)

నాది కొంచెం వేరే అభిప్రాయం. మూలంలో ఎలా పలికినా, తెలుగులో దీర్ఘం పాతుకుపోయింది కాబట్టి దాన్ని తప్పనడం సబబు కాదు. కాశ్మీరీలు తమ దేశాన్ని 'కశీర్' అంటారు, మనం మాత్రం కాశ్మీరు అనే రాస్తున్నాం. ఎవరూ మనల్ని దిద్దడం లేదు.

జవాబు (ఇందిరానగర్)

కాశ్మీరు సంస్కృతం ద్వారా శతాబ్దాల కిందటే మనకు చేరిన పేరండీ, దాని దీర్ఘానికి గ్రంథాల బలం ఉంది. గుల్‌మార్గ్‌లోని దీర్ఘం ఇంగ్లీషు అక్షరాలను మనం చదువుకున్న తీరు వల్ల వచ్చింది. రెంటినీ ఒకే గాటన కట్టలేం. పైగా ఆ దీర్ఘం ఉన్నంతకాలం పాఠకుడు దారి అనే అనుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు (మారతహళ్లి)

అందరికీ ధన్యవాదాలు. సంచికలో గుల్‌మర్గ్ అనే వేస్తాం, అఫర్వట్ పేరు విడిగా చేరుస్తాం. డీటీపీ చేసే అబ్బాయి 'ల'కింద మ-వత్తు పెట్టి 'గుల్మర్గ్' అని కొట్టుకొచ్చాడు. అలా అచ్చయితే గుల్మం ఆవిడ మళ్లీ మొదలుపెడతారు కనుక, 'ల్' పొల్లుగానే ఉంచమని చెప్పాను.